జింక రాష్ట్రానిది, నేల మరొకరిది

అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో జింకలాంటి ప్రాంగ్‌హార్న్ వేటకు ట్యాగ్ వచ్చిందంటే పని సగం అయినట్టేనని పరాయి రాష్ట్రాల నుంచి వెళ్లే వేటగాళ్లు చాలామంది అనుకుంటారు. మిగిలిన సగమే బరువైనది. ట్యాగ్ జంతువును వేటాడే హక్కు ఇస్తుంది. ఆ జంతువు మేస్తున్న నేల మీద కాలు పెట్టే హక్కు ఇవ్వదు. జంతువు రాష్ట్ర ప్రజలది. అది నిలబడిన గడ్డి ఒక ర్యాంచరుది, అంటే పశువుల పెంపకందారుది. పక్కనున్న చదరపు మైలు ఫెడరల్ ప్రభుత్వానిది. దాని అవతలి ముక్క రాష్ట్ర పాఠశాలల కోసం కేటాయించిన ట్రస్టు భూమి. ఇంతమంది యజమానుల మధ్య చట్టం ఒప్పే దారి వెతుక్కోవాలి.

ఈ ప్రశ్న మీద గత పదేళ్లలో ఒక పెద్ద కోర్టు తీర్పు వచ్చింది, కొత్త చట్టాలు వచ్చాయి, ప్రతి గట్టునూ ఫోన్‌లో చూపే పటాలు వచ్చాయి. వాటన్నిటినీ కలిపి చూస్తే నాకు రెండు విషయాలు తేలాయి. వేటగాడి వరకు, నేల సంగతి తేల్చుకున్నాకే ట్యాగ్‌కు దరఖాస్తు పెట్టాలి. ప్రభుత్వాల వరకు, కోర్టు గెలుపులకంటే భూ యజమానికి డబ్బిచ్చి, మర్యాదిచ్చి గేటు తెరిపించే పథకాలే ఎక్కువ కాలం నిలుస్తాయి.

మైదానపు జంతువు, మైదానపు చిక్కు

ప్రాంగ్‌హార్న్‌ను అక్కడి జనం యాంటిలోప్ అంటారు. ఆసియా, ఆఫ్రికా జింకలతో దానికి దగ్గరి చుట్టరికం లేదు. తన కుటుంబంలో మిగిలిన ఒకే ఒక్క జాతి అది. గంటకు 80 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తుతుంది. చాలా దూరంలోని కదలికను కూడా పసిగడుతుంది. కంచె దూకడానికి మాత్రం జంకుతుంది, కింది తీగ కిందనుంచి పాకి అవతలికి పోతుంది. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో ఈ జాతి వేలల్లోకి పడిపోయింది. వేట మీద కట్టుబాట్లు పెట్టడం వల్ల, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల పన్ను వన్యప్రాణి శాఖలకు చేరడం వల్ల మళ్లీ లక్షలకు పెరిగింది. ఇప్పుడు ఏ రాష్ట్రంలోకన్నా వ్యోమింగ్‌లోనే ఎక్కువగా ఉంది.

నేల చిక్కు అంతా దాని ఆవాసంలోనే ఉంది. ఎల్క్ అనే పెద్ద జింక కొండల్లో ఉంటుంది. ఆ కొండలు చాలావరకు నేషనల్ ఫారెస్టులు. ఒకసారి లోపలికి వెళితే రోజంతా నడిచినా ప్రభుత్వ భూమి దాటరు. ప్రాంగ్‌హార్న్ ఉండేది సేజ్‌బ్రష్ పొదలు, పొట్టి గడ్డి పరుచుకున్న మైదానాల్లో. వలసదారులు వచ్చి ఇళ్లు కట్టుకుని, నీటి ఊటల చుట్టూ పట్టాలు పుచ్చుకున్నది ఆ మైదానాల్లోనే. అందుకే ఎల్క్ వేటలో కాళ్ల సత్తువ ఎంత అవసరమో, ప్రాంగ్‌హార్న్ వేటలో భూమి రికార్డులు చదవడం అంత అవసరం.

గళ్ల భూమి పుట్టుక

1785 నాటి భూ ఆర్డినెన్సు అమెరికా పడమటి నేలను చదరపు మైలు ముక్కలుగా కొలవమంది. ఒక్కో ముక్క 640 ఎకరాలు, దాన్ని సెక్షన్ అంటారు. 36 సెక్షన్లు కలిస్తే ఒక టౌన్‌షిప్. చాలా రాష్ట్రాల్లో 16వ, 36వ సెక్షన్లను బడుల కోసం రాష్ట్రాలకు ఇచ్చారు. ఇవాళ్టి రాష్ట్ర ట్రస్టు భూములకు మూలం అదే.

1862లో హోమ్‌స్టెడ్ చట్టం ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన పసిఫిక్ రైల్వే చట్టం, 1864లో దాని సవరణ, రైలు మార్గానికి ఇరువైపులా 20 మైళ్ల మేర బేసి సంఖ్య సెక్షన్లను రైల్వే కంపెనీలకు రాసిచ్చాయి. సరి సంఖ్యవి ప్రభుత్వం దగ్గరే మిగిలాయి. దక్షిణ వ్యోమింగ్‌లో యూనియన్ పసిఫిక్ దారి పొడవునా పటం చూస్తే చదరంగం బల్లలా ఒక గడి తెలుపు, ఒక గడి రంగు కనిపించేది ఇందుకే. 1916 నాటి పశుపోషణ హోమ్‌స్టెడ్ చట్టం 640 ఎకరాల వరకు ఇచ్చింది. వచ్చినవాళ్లు సహజంగానే వాగు పక్క నేల, ఊట ఉన్న నేల తీసుకున్నారు. 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం మిగిలిన బీళ్ల మీద మేతను క్రమబద్ధం చేసేనాటికి ప్రభుత్వం చేతిలో ఉన్నవి చాలాచోట్ల దారి లేని ముక్కలే.

ఆ మిగులు భూమిని ఇప్పుడు 1946లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అంటే బీఎల్ఎం, చూస్తోంది. దాని కింద సుమారు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అందులో మూడో వంతుకు రావు. ఇంత ఉమ్మడి భూమి ఉన్న దేశంలో వేటగాడికి కాలు మోపే చోటు దొరకదంటే నమ్మశక్యం కాదు. విస్తీర్ణం ఉంటే సరిపోదు, అక్కడికి దారి ఉండాలి. పటాల కంపెనీ ఆన్ఎక్స్, థియోడర్ రూజ్‌వెల్ట్ కన్సర్వేషన్ పార్ట్‌నర్‌షిప్ కలిసి 2018లో చేసిన లెక్కలో పడమటి రాష్ట్రాల్లో 95.2 లక్షల ఎకరాల ఫెడరల్ భూమి చుట్టూ ప్రైవేటు నేల మూసుకుని ఉందని తేలింది. మూల దగ్గర మాత్రమే మరో ప్రభుత్వ ముక్కను తాకే భూమి 83 లక్షల ఎకరాలని ఆన్ఎక్స్ 2022లో లెక్క కట్టింది.

ట్యాగ్ తేలికైతే నేల కష్టం

ఫెడరల్ భూమి దేశం మొత్తానిది అయినా, దాని మీద తిరిగే జంతువు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం అజమాయిషీలో ఉంటుంది. పరాయి రాష్ట్రంవాడికి ఎక్కువ రుసుము, తక్కువ వాటా పెట్టవచ్చా అన్న ప్రశ్న మోంటానా ఎల్క్ లైసెన్సుల వివాదంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వినోదం కోసం చేసే వేట ప్రాథమిక హక్కు కాదని, తేడా చూపవచ్చని 1978లో కోర్టు తేల్చింది. 2005లో అమెరికా కాంగ్రెస్ కూడా రాష్ట్రాల అధికారాన్ని చట్టంగా రాసిపెట్టింది.

వ్యోమింగ్‌లో పరిమిత కోటా యాంటిలోప్ లైసెన్సుల్లో 20 శాతం బయటివారికి. అందులో 40 శాతం ‘స్పెషల్’ ధర డ్రాలో, మిగిలినవి మామూలు ధర డ్రాలో పోతాయి. మామూలు లైసెన్సు 300 డాలర్లు దాటుతుంది. స్పెషల్ ధర ఇటీవల 1,200 డాలర్లకు చేరింది. ఎక్కువ కట్టేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడ పోటీ తగ్గుతుంది. నాలుగింట మూడు వంతుల లైసెన్సులు ఏళ్ల తరబడి కూడబెట్టిన ప్రిఫరెన్స్ పాయింట్ల వరసలో, మిగిలిన వంతు లాటరీలో దక్కుతాయి.

డ్రా ఫలితాల పట్టికను భూమి పటం పక్కన పెడితే ఒక నియమం కనిపిస్తుంది. రెడ్ డెజర్ట్ లాంటి చోట్ల ప్రభుత్వ భూమి విశాలంగా, విడిపోకుండా ఉంటుంది; అక్కడి ట్యాగ్‌కు చాలా పాయింట్లు కావాలి. తూర్పు వ్యోమింగ్ మైదానాల్లో జింకలు మెండు, ట్యాగ్ తేలిక. నేల మాత్రం ఎక్కువగా ప్రైవేటుది. ఏ ప్రాంతాల్లో ప్రవేశం కష్టమో వ్యోమింగ్ గేమ్ అండ్ ఫిష్ శాఖ నిబంధనల పుస్తకంలోనే గుర్తు పెట్టి హెచ్చరిస్తుంది. తేలిగ్గా దొరికే ట్యాగ్ వెనక తరచు మూసిన గేటు ఉంటుంది. ఆ సంగతి సెప్టెంబరులో గేటు ముందు నిలబడ్డాక తెలియడంకంటే ఫిబ్రవరిలో పటం ముందు కూర్చుని తెలుసుకోవడం మేలు.

వానలు, మంచు కూడా ఈ లెక్కను తిరగరాస్తాయి. 2022–23 శీతాకాలం పశ్చిమ వ్యోమింగ్‌లోని సబ్లెట్ మందను భారీగా చంపింది. దట్టమైన మంచుకు తోడు మైకోప్లాస్మా బోవిస్ అనే బ్యాక్టీరియా న్యుమోనియా తెచ్చింది. శాఖ ట్యాగ్‌లు తగ్గించింది. నిన్నటి గణాంకాలు చూసి నేటి ప్రయాణం కట్టుకోకూడదని ఆ ఏడాది నేర్పింది.

పటం చదవడం

బీఎల్ఎం పటాల్లో ఆ సంస్థ భూమి పసుపు, రాష్ట్ర ట్రస్టు భూమి నీలం, నేషనల్ ఫారెస్టు ఆకుపచ్చ, ప్రైవేటు భూమి తెలుపు. పసుపు రంగు చూసి సంబరపడే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అక్కడికి వెళ్లే రోడ్డు కౌంటీ రోడ్డా, ర్యాంచ్ సొంత బాటా? ఆ ముక్క ఎంత పెద్దది, జింక ఒకసారి బెదిరితే అందులోనే ఉంటుందా, పరుగుతో తెలుపులోకి పోతుందా? అందులో నీరుందా? పొడి ఏడాదిలో జింక నీటి చుట్టూ తిరుగుతుంది, ఆ నీరు తరచు ప్రైవేటు నేలలోనే ఉంటుంది.

రోడ్డు కనిపించినంత మాత్రాన అది అందరిదీ కాదు. ప్రైవేటు నేల గుండా పోయే బాట మీద ప్రభుత్వానికి దారి హక్కు ఉందో లేదో చెప్పే పత్రాలు దశాబ్దాలుగా ఆఫీసు ఫైళ్లలో కాగితాలుగానే ఉండిపోయాయి. 2022లో వచ్చిన మ్యాప్‌ల్యాండ్ చట్టం ఆ పత్రాలను డిజిటల్ చేసి ప్రజల ముందు పెట్టమని ఫెడరల్ సంస్థలను ఆదేశించింది. పైకి చిన్న పనిలా కనిపించే ఈ చట్టం, నా అంచనాలో, ఈ రంగంలో వచ్చిన మంచి మార్పుల్లో ఒకటి. దారి ఉందని నిరూపించే కాగితం బయటపడితే తగాదా పుట్టకముందే తీరుతుంది.

ట్రస్టు భూముల్లో రాష్ట్రాల మధ్య తేడా పెద్దది. వ్యోమింగ్‌లో చట్టబద్ధమైన దారి ఉంటే వాటిలో వేటాడవచ్చు. రాత్రి బస, మంట, రోడ్డు వదిలి బండి నడపడం కుదరవు. కొలరాడోలో ట్రస్టు భూమి ప్రజలకు మూసినట్టే లెక్క. ప్రవేశ పథకంలో చేర్చిన ముక్కలే తెరిచి ఉంటాయి. పటంలో ఒకే నీలం రంగు, సరిహద్దు దాటగానే వేరే అర్థం.

మూల దాటిన నలుగురు

రెండు ప్రభుత్వ గళ్లు ఒక మూల దగ్గర మాత్రమే కలుస్తాయి. అదే మూలలో రెండు ప్రైవేటు గళ్లూ కలుస్తాయి. ఒక ప్రభుత్వ గడి నుంచి ఎదురు ప్రభుత్వ గడిలోకి అడుగు వేస్తే పాదం ప్రైవేటు నేలను తాకదు. శరీరం మాత్రం ఒక క్షణం ఆ నేల పైనున్న గాలిలోంచి పోతుంది. ఇది అక్రమ ప్రవేశమా?

మిస్సోరీ నుంచి 2020లో ముగ్గురు, 2021లో మరొకరితో కలిసి నలుగురు ఎల్క్ వేటగాళ్లు వచ్చి వ్యోమింగ్ కార్బన్ కౌంటీలోని ఎల్క్ మౌంటెన్ దగ్గర ఇలా మూల దాటారు. రెండో ఏడాది వెంట ఒక నిచ్చెన తెచ్చుకున్నారు. 2022లో జ్యూరీ వాళ్లను నేర విచారణలో నిర్దోషులుగా వదిలింది. ర్యాంచ్ యజమాని సంస్థ తన ఆస్తి విలువ 70 లక్షల డాలర్లకు మించి పడిపోయిందంటూ సివిల్ దావా వేసింది. 2023లో ఫెడరల్ జిల్లా కోర్టు, 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వేటగాళ్ల పక్షాన తీర్పు చెప్పాయి. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీలు తీసుకోవడానికి నిరాకరించింది.

తీర్పుకు ఆధారం 1885 నాటి అక్రమ ఆవరణల చట్టం. పశువుల కామందులు తమ బేసి గళ్ల చుట్టూ కంచె వేసి, మధ్యనున్న ప్రభుత్వ గళ్లను కూడా మింగేస్తున్న రోజుల్లో వచ్చిన చట్టం అది. సొంత నేల మీద కట్టిన కంచె అయినా సరే, ప్రజల భూమిని మూసేస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1897లో క్యామ్‌ఫీల్డ్ కేసులో చెప్పింది. మరోవైపు 1979లో లియో షీప్ కేసులో, ప్రైవేటు గడి గుండా రోడ్డు వేసే హక్కు ప్రభుత్వానికి తనంతట తాను రాదని అదే కోర్టు అంది. పదో సర్క్యూట్ ఈ రెంటి మధ్య తేడాను పట్టుకుంది. రోడ్డు వేయడం వేరు, నేలను తాకకుండా కాలినడకన మూల దాటడం వేరు.

ఈ తీర్పును ఉన్నదానికంటే పెద్దదిగా చదవకూడదు. అది వ్యోమింగ్, కొలరాడో, ఉటా, న్యూ మెక్సికో, కాన్సాస్, ఓక్లహోమాలకు వర్తిస్తుంది. మోంటానా తొమ్మిదో సర్క్యూట్ కిందిది; అక్కడి వన్యప్రాణి శాఖ మూల దాటడం చట్టవిరుద్ధమనే చెబుతోంది. తీర్పుకు మూలమైన చట్టం ఫెడరల్ భూముల గురించినది. మూల ఎక్కడుందో చూపే సర్వే రాయి ప్రతిచోటా దొరకదు, ఫోన్ పటం కొన్ని అడుగులు పక్కకు చూపవచ్చు. ఇక ప్రాంగ్‌హార్న్ సంగతి. చదరపు మైలు ఖాళీ మైదానంలోకి మూల దాటి దిగే మనిషిని జింక ముందే చూస్తుంది. ఒక్క పరుగులో గడి దాటుతుంది. న్యాయంగా ఈ తీర్పు గొప్పది, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ప్రజల భూమి ప్రజలకు అందకపోవడం అన్యాయం. కానీ జింక వేటగాడి కష్టాన్ని అది కొంతే తీరుస్తుంది.

గేటు తెరిపించే పథకాలు

మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ అనే పథకం 1985 నుంచి నడుస్తోంది. రాష్ట్రం భూ యజమానితో ఒప్పందం చేసుకుంటుంది, వచ్చిన వేటగాళ్ల సంఖ్యను బట్టి డబ్బిస్తుంది, సీజన్‌లో నిఘాకు మనుషులను పంపుతుంది. కొన్ని చోట్ల గేటు దగ్గర పెట్టెలో చీటీ రాసి వేస్తే చాలు. కొన్ని చోట్ల ముందుగా రిజర్వు చేసుకోవాలి. సుమారు 70 లక్షల ఎకరాలు ఈ పథకంలో ఉన్నాయి. ప్రభుత్వం కొనకుండానే తెరిచిన ప్రైవేటు నేల ఇది.

వ్యోమింగ్‌లో యాక్సెస్ యస్ పేరుతో వాక్-ఇన్ ఏరియాలు, హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియాలు ఉన్నాయి. మొదటివాటిలో నడిచి వెళ్లాలి, విడిగా అనుమతి అక్కర్లేదు. రెండోవాటికి శాఖ నుంచి ఉచిత అనుమతి పత్రం తీసుకోవాలి. కొన్నింటిలో సంఖ్యకు పరిమితి ఉంటుంది. లైసెన్సు కొనేటప్పుడు వేటగాళ్లు ఇచ్చే విరాళాలు కూడా ఈ పథకానికి చేరతాయి. 2008 ఫార్మ్ బిల్లు నుంచి ఫెడరల్ ప్రభుత్వం కూడా రాష్ట్రాల ప్రవేశ పథకాలకు గ్రాంట్లు ఇస్తోంది. 2020లో వచ్చిన గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం భూ, జల పరిరక్షణ నిధికి ఏటా 90 కోట్ల డాలర్లు ఖాయం చేసింది. ప్రజల ప్రవేశం పెంచడానికి అందులో ఒక భాగం కేటాయించాలి.

వీటి బలహీనతలూ స్పష్టమే. ఒప్పందాలు కొద్ది ఏళ్లవి. పొలం చేతులు మారితే కొత్త యజమాని తప్పుకోవచ్చు. మంచి చోట్లలో రద్దీ ఉంటుంది, మొదటి రెండు రోజుల్లో జింకలు పక్క ర్యాంచ్‌కు చేరతాయి. నిరుటి జాబితా చూసి ఈ ఏడాది బయలుదేరితే మూసిన గేటు ఎదురుకావచ్చు. అయినా ఈ మార్గంలో ఓడేవాడు లేడు. యజమానికి ఆదాయం, రాష్ట్రానికి మందల అదుపు, వేటగాడికి నేల ముగ్గురికీ దక్కుతున్నాయి.

ర్యాంచరు గుమ్మం దగ్గర

వ్యోమింగ్‌లో నిషేధ బోర్డు లేకపోయినా ప్రైవేటు నేలలో వేటకు అనుమతి తప్పనిసరి. లైసెన్సు మీద యజమాని సంతకమో, చెల్లుబాటయ్యే మరో రుజువో ఉండాలి. జింకను ప్రైవేటు నేలలో కొడితే లైసెన్సుకున్న కూపన్ యజమానికి ఇవ్వాలి. ఆయన దాన్ని రాష్ట్రానికి చూపి డబ్బు తీసుకుంటాడు. మొత్తం చిన్నదే. ప్రజల జంతువును తన గడ్డితో పోషించిన మనిషికి చట్టం చూపే కృతజ్ఞత అందులో ఉంది. వన్యప్రాణుల వల్ల పంట, గడ్డి పోయిందని పరిహారం కోరే యజమాని సీజన్‌లో వేటకు చోటివ్వాలన్న షరతు కూడా ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. ఇచ్చిపుచ్చుకోవడం ఈ వ్యవస్థకు పునాది.

2020 జనాభా లెక్కల్లో వ్యోమింగ్ జనం 5,76,851. విస్తీర్ణంలో మన రెండు తెలుగు రాష్ట్రాల కంటే కొంచెమే చిన్నదైన ఆ రాష్ట్రంలో ఒకరి మాట మరొకరికి త్వరగా చేరుతుంది. ఒక ర్యాంచ్‌లో గేటు తెరిచి వదిలేసి పశువులను కలిపేసిన వేటగాడి సంగతి పక్క ర్యాంచ్‌కు తెలుస్తుంది. వాన పడ్డ జిగట మట్టిలో బండి దించి గాళ్లు చేసినవాడి సంగతీ తెలుస్తుంది. ఎండిన గడ్డిలో వేడి సైలెన్సరుతో బండి నిలిపితే అంటుకునే మంట ఏడాది మేతను మాయం చేస్తుంది. కాబట్టి ర్యాంచరు ‘వద్దు’ అన్నప్పుడు ఆ మాట వెనక పాత నష్టం ఉండవచ్చని గుర్తుంచుకోవాలి.

అడిగే పద్ధతికీ సమయానికీ విలువుంది. సీజన్ ముందు వారం ఫోన్ చేసే అపరిచితుడి కంటే, వసంతంలో దూడల పని, ఎండాకాలంలో గడ్డి కోత లేని వేళ చూసి పలకరించినవాడికి అవకాశం ఎక్కువ. ఎంతమంది వస్తారో, ఏ బండో, ఎన్ని రోజులో ముందే చెప్పాలి. కొమ్ముల మగ జింక కోసం కాక ఆడ జింక ట్యాగ్‌తో వచ్చేవాళ్లను రానిచ్చే యజమానులు ఎక్కువమందే ఉంటారు, మంద తగ్గడం వాళ్లకూ కావాలి కనుక. ఏ ర్యాంచ్ ఎవరిని రానిస్తుందో ఆ ప్రాంతపు గేమ్ వార్డెన్‌కు, శాఖ జీవశాస్త్రవేత్తకు తెలిసినంత మరెవరికీ తెలియదు. వాళ్లు ఫోన్ ఎత్తి మాట్లాడతారు.

డబ్బిచ్చి వేటాడటం మరో దారి. కొన్ని ర్యాంచ్‌లు ప్రవేశ రుసుముగా కొన్ని వందల డాలర్లు అడుగుతాయి. గైడు, బస కలిపితే వేలల్లోకి పోతుంది. కరువు ఏడాదిలో పశువులు అమ్ముకున్న కుటుంబానికి ఆ డబ్బు పొలం నిలబెట్టే ఆసరా. అయితే వేట కంపెనీలు ర్యాంచ్‌లను గంపగుత్తగా లీజుకు తీసుకున్నప్పుడు, తాత కాలం నుంచి మాట మీద వేటాడుతున్న స్థానికుడికి గేటు మూసుకుంటుంది. ఆ మనిషి కోపం బయటి రాష్ట్రపు నంబరు ప్లేటు మీదికి మళ్లుతుంది.

రాష్ట్రానికో రీతి

ఒకచోట నేర్చుకున్నది మరోచోట పనికిరాదు. మోంటానాలో డ్రా లైసెన్సుల్లో బయటివారికి పది శాతానికి మించి దక్కవు. దక్కినవాడికి మాత్రం బ్లాక్ మేనేజ్‌మెంట్ అండ. ఉత్తర డకోటాలో తుపాకీతో ప్రాంగ్‌హార్న్ వేట నివాసులకే. బయటివాడికి విల్లు ఒక్కటే దారి. అదే రాష్ట్రంలో నిషేధ బోర్డు గానీ, ఆన్‌లైన్‌లో నిషేధ నమోదు గానీ లేని ప్రైవేటు నేల తెరిచి ఉన్నట్టే లెక్క. ఆ అలవాటుతో వ్యోమింగ్‌లో అడుగు పెట్టినవాడు నేరస్థుడవుతాడు. న్యూ మెక్సికోలో ప్రభుత్వ డ్రాలో, గైడు లేకుండా వచ్చే బయటివారి వాటా ఆరు శాతమే. యజమాని రాతపూర్వక అనుమతి ఉంటే ప్రైవేటు నేలకు మాత్రం చెల్లే లైసెన్సు నేరుగా కొనుక్కోవచ్చు. టెక్సాస్‌లో నేల దాదాపు అంతా ప్రైవేటుదే. పర్మిట్లను రాష్ట్రం భూ యజమానికే ఇస్తుంది. అక్కడ ట్యాగ్ వెతకడమంటే యజమానిని వెతకడమే.

ఈ వరసను ఒక చివర నుంచి మరో చివరకు చూస్తే ప్రశ్న సారం తెలుస్తుంది. ఒక చివర జంతువు పూర్తిగా ప్రజలది, ట్యాగ్ లాటరీలో పంచుతారు, నేల మీదికి వెళ్లడం వేటగాడి తలనొప్పి. మరో చివర ట్యాగ్ నేలతోపాటే వస్తుంది, చిక్కు లేదు, కానీ డబ్బున్నవాడికే దక్కుతుంది. వ్యోమింగ్‌లో భూ యజమానులకు ఇచ్చే లైసెన్సులను అమ్ముకోనివ్వాలన్న ప్రతిపాదనలకు గట్టి వ్యతిరేకత రావడానికి కారణం ఈ రెండో చివర పట్ల భయమే. ఆ భయం సబబైనదని నా అభిప్రాయం. జంతువును ప్రజల నుంచి విడదీసి గేటుకు కట్టేస్తే, దాన్ని వేల నుంచి లక్షలకు తెచ్చిన ఉమ్మడి శ్రద్ధ కూడా సడలుతుంది.

ఎవరి వాదంలో ఎంత నిజం

భూ యజమాని మాటలో నిజముంది. పెద్ద ర్యాంచ్ విడిపోకుండా నిలిస్తేనే ప్రాంగ్‌హార్న్ వలస దారి నిలుస్తుంది. అది ముక్కలై ఇళ్ల స్థలాలయ్యాక ఏ తీర్పూ జింకను వెనక్కి తేదు. నేల నుంచి కనీసం 16 అంగుళాల ఎత్తున ముళ్లు లేని కింది తీగ వేసి జింకకు దారిచ్చే ర్యాంచరు, బోర్డు పక్కన చిరునవ్వుతో ఫొటో దిగే నాయకుడికంటే ఆ జాతికి ఎక్కువ మేలు చేస్తున్నాడు.

స్థానిక వేటగాడి మాటలో నిజముంది. ఏడాది పొడవునా అక్కడి చలిని, తక్కువ జీతాలను భరిస్తున్నది అతనే. శరత్తులో ఇంటికి తెచ్చుకునే మాంసం అతని కుటుంబ ఆహారం.

బయటివాడి మాటలోనూ నిజముంది. ఫెడరల్ భూమికి అతనూ యజమానే. వ్యోమింగ్ శాఖ లైసెన్సు ఆదాయంలో సింహభాగం అతని జేబు నుంచే వస్తోంది. 2025లో ఫెడరల్ భూముల్లో కొంత అమ్మాలన్న ప్రతిపాదన సెనేట్ బిల్లులోకి వచ్చినప్పుడు దేశం నలుమూలల నుంచి వేటగాళ్లు ఎదురుతిరిగారు; ఆ భాగాన్ని తొలగించక తప్పలేదు. ఉమ్మడి భూమికి దూరపు యజమానులు కూడా కాపలాదారులేనని ఆ ఘటన చూపింది. వాళ్లకు దారి మూసేస్తే ఆ కాపలా పోతుంది.

తెలుగువాళ్లకు సంబంధించినంత వరకు

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇలాంటి వేటకు చోటు లేదు. అయినా ప్రశ్న మనకు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కర్నూలు పడమటి మండలాల్లో, తెలంగాణలో నారాయణపేట వైపు రైతుల పంట మేస్తోంది. జంతువు ప్రజలది, నష్టం రైతుది. ఆ నష్టాన్ని ఉమ్మడిగా మోసే ఏర్పాటు లేకపోతే రైతు మనసు జింక మీద విరుగుతుందన్న సంగతి వ్యోమింగ్ కూపన్ పద్ధతి నుంచి మనం నేర్చుకోదగినది, వేట ఊసు లేకుండానే.

అమెరికాలో ఉన్న తెలుగువారిలో వేటపై ఆసక్తి ఉన్నవారు రెండు నిబంధనలు ముందే చూసుకోవాలి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది; చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, దాన్ని న్యాయవాదితో సరిచూసుకోవాలి. వ్యోమింగ్‌లో 1966 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారికి వేట భద్రతా శిక్షణ పత్రం ఉండాలి.

తేలినది

సాక్ష్యాలన్నీ ఒకే క్రమాన్ని సూచిస్తున్నాయి. శీతాకాలంలో రాష్ట్రాన్ని, ప్రాంతాన్ని ఎంచుకుని పటం, డ్రా పట్టిక, మంద పరిస్థితి కలిపి చదవాలి. వార్డెన్‌తో మాట్లాడాలి. ఒక ర్యాంచరుతోనైనా మాట కలిపి, కనీసం ఒక ప్రభుత్వ భూభాగానికి కౌంటీ రోడ్డు మీదుగా దారి ఉందని రూఢి చేసుకున్నాకే దరఖాస్తు పెట్టాలి. ఆ రెండూ లేని చోట చవక ట్యాగ్ ఖరీదైన పొరపాటు. ట్యాగ్ వచ్చాక, ప్రవేశ పథకాల కొత్త జాబితా ఆగస్టులో మళ్లీ సరిచూసుకోవాలి.

విధానం విషయంలో నా మాట ఇది. మూల దాటే హక్కును కాంగ్రెస్ దేశమంతటికీ ఒకే రకంగా స్పష్టం చేయాలి. మోంటానా గడికి ఒక న్యాయం, వ్యోమింగ్ గడికి మరో న్యాయం ఉండకూడదు. దానితోపాటు బ్లాక్ మేనేజ్‌మెంట్, యాక్సెస్ యస్ లాంటి పథకాలకు డబ్బు పెంచాలి, ఒప్పందాల కాలం పొడిగించాలి, బయటివారి లైసెన్సు రుసుములో నిర్ణీత వాటా నేరుగా వాటికే చేరాలి. అప్పుడు మిస్సోరీ నుంచో, న్యూజెర్సీ నుంచో వచ్చిన వేటగాడు కట్టే ప్రతి డాలరులో కొంత గేటు తెరిచిన ర్యాంచరుకు అందుతుంది. బయటివాడి రాక ఆ కుటుంబానికి బరువు కాకుండా ఆదాయమవుతుంది. ప్రజల జంతువు, ప్రైవేటు నేల ఒకచోట ఇమడడానికి ఇంతకంటే గట్టి ఏర్పాటు నాకు కనిపించలేదు.